వాగుగట్ల అడవినాభి: తీగెను గుర్తించు విధము

మొన్నటి శ్రావణమాసమున మన సంఘపు గిడ్డంగివద్ద ఎఱువుల పంపకము జరుగుచుండగా, ఒక సభ్యుడు తువాలులో చుట్టి యొక తీగెముక్కను తెచ్చి మా ముందు బల్లమీద పెట్టెను. తీగె కొనయందు రెండు పూవులును మూడు మొగ్గలును ఉండెను. పూవుల ఱేకులు మంటలవలె పైకి లేచి, మొదట పసుపును కొనల ఎఱుపును కలిగి, అచ్చట నున్నవారందఱు బస్తాలు వదలి చుట్టును చేరునంత యందముగా నుండెను. ఆ సభ్యుడు తన పొలము ప్రక్కనున్న వాగుగట్టున ముళ్లపొదల మీద ఈ తీగె ప్రాకియున్నదని చెప్పి, మమ్ము మూడు ప్రశ్నలడిగెను. దీనిని పశువులు తినవచ్చునా? దీని గడ్డను వండుకొనవచ్చునా? దీనిని కొనువారున్నారని వినుచున్నాము, అది నిజమా?

మొదటి రెండు ప్రశ్నలకును కూడదనియే మా జవాబు. మూడవదానికి, ఉన్నారు గాని తొందరపడవలదని జవాబు. అయితే ఇంతమాత్రము చెప్పి యూరకుండిన చాలదు. తీగెను తీగెగా గుర్తింపనేరనివానికి ఈ జవాబులవలన లాభము లేదు. మన ప్రాంతపు వాగుల వెంబడి పదిరకముల తీగెలు ఒకదానితో నొకటి పెనవైచుకొని పెరుగుచున్నవి. వానిలో కూరకు పనికివచ్చునవి కలవు, మందునకు పనికివచ్చునవి కలవు, ప్రాణము తీయునవియు కలవు. కావున ఈ మాసపు పాఠమునకు ఈ యొక్క తీగెనే తీసికొంటిమి.

పేరు విషయమున మొదటనే జాగ్రత్తపడవలెను. ఆ దినమున గిడ్డంగివద్ద నున్నవారిని దీని పేరేమని యడుగగా, ఒకరు అడవినాభి యనిరి, ఒకరు పొత్తిదుంప యనిరి, ఒకరు కలప్పగడ్డ యనిరి, చదువుకొన్న వృద్ధుడొకరు అగ్నిశిఖ యనిరి. నాలుగును సరియైన పేర్లే. అగ్నిశిఖ యనుట పూవును చూచి పెట్టిన పేరు. కలప్పగడ్డ యనుట గడ్డను చూచి పెట్టినది. అరవమున కలప్పై యనగా నాగలి. సంస్కృత వైద్యగ్రంథములలో దీనికి లాంగలి యను పేరు కలదు. లాంగలమనగా కూడ నాగలియే. భూమిలో నుండు గడ్డ నాగలివలె వంగియుండుటచే రెండు భాషలవారును ఒకే పోలికను పట్టుకొనిరి. ఈ పోలికను చదువరులు మఱువకుందురు గాక; ముందు దీనితో మనకు పని కలదు. శాస్త్రజ్ఞులు దీనిని గ్లోరియోసా సుపర్బా యందురు. 1753వ సంవత్సరమున లిన్నేయసు అను స్వీడను దేశపు పండితుడు ప్రకటించిన గ్రంథమునందు ఈ పేరు కలదు. ఏ జిల్లాకు పోయినను, ఏ దేశమునకు పోయినను మాఱని పేరు ఇదియొక్కటే గనుక, మందుల వ్యాపారులతో మాటాడునపుడు దీనినే వాడుట మంచిది.

ఇక నాభి యను మాటవలన కలుగు చిక్కొకటి కలదు. అంగళ్లలో వసనాభి యని యమ్మెడు విషపుగడ్డ వేఱు, మన అడవినాభి వేఱు. వసనాభి హిమాలయపు చలికొండలయందు మొలచునది. మన యెండలకు అది బ్రదుకదు. అది తీగెయు గాదు. దాని విషము గుండెను పట్టి త్వరలోనే పనిచేయును. అడవినాభి విషము నెమ్మదిగా, కొన్ని గంటలు గడచిన పిమ్మట బయటపడును. పేరు ఒకటే యని ఒకదానికి బదులు మఱియొకటి మందులో వేయువారు రెండింటిచేతను మోసపోవుదురు.

అడవినాభి మన దేశమునకు స్వంతమైన తీగె. ఆఫ్రికాఖండపు ఉష్ణప్రదేశములయందును, మన దేశమునందును, సింహళమునందును సహజముగా పెరుగుచున్నది. జింబాబ్వే దేశమువారు దీనిని తమ జాతీయపుష్పముగను, తమిళనాడువారు తమ రాష్ట్రపుష్పముగను పెట్టుకొనియున్నారు. మన తూర్పుకనుమలలోను, నల్లమలలోను, శేషాచలపు కొండలలోను, వాని పాదమున ప్రవహించు వాగుల గట్ల మీదను, పొలముల కంచెలయందును ఇది కనబడును. నీరు నిలుచు చోట దీని గడ్డ క్రుళ్లిపోవును. కాబట్టి వాగులో గాక వాగు ఒడ్డున, ఇసుకయు ఆకుమన్నును కలిసి నీరు ఇంకిపోవు గుల్లనేలయందు, ఏదో యొక పొద నీడలో మొలచును. పొద లేనిదే దీనికి బ్రదుకు లేదు. స్వంతముగా నిలువలేని మెత్తని కాడ గనుక, పరిగెచెట్టునో రేగుకంపనో ఆధారము చేసికొని పదిపదునైదడుగుల యెత్తు ప్రాకును.

దీని సంవత్సరక్రమమును తెలిసికొనుట ముఖ్యము. ఎండకాలమందు నేలపైన దీని జాడయే యుండదు. గడ్డ మాత్రము మట్టిలో నిద్రించుచుండును. మృగశిరకార్తెలో తొలకరి చినుకులు పడగానే గడ్డకొననుండి మొలక వెడలును. ఆషాఢశ్రావణములలో తీగె ప్రాకును. శ్రావణము మొదలు ఆశ్వయుజము వఱకు పూచును. కార్తికమార్గశీర్షములలో కాయలు పండి, తీగె యెండి, గాలికి విరిగిపోవును. ఇట్లు సగము సంవత్సరము కంటికి కనబడక దాగియుండుటయే దీనివలని ప్రమాదములకు మూలము.

ఇప్పుడు గుర్తులను చూతము. మాకు చిన్ననాట మిషను పాఠశాలయందు వృక్షశాస్త్రము చెప్పిన యుపాధ్యాయుడొకరు, ఏ మొక్కను తెచ్చినను మొదట పూవును చేతితో కప్పి, "పూవు లేదనుకొనుము, ఇప్పుడు చెప్పుము" అనెడివారు. పూవును చూచి అడవినాభిని గుర్తుపట్టుట పసిపిల్లలకును సాధ్యమే. పూవు లేని కాలమున గుర్తుపట్టుటయే రైతునకు కావలసిన విద్య. కాబట్టి మేమును ఆకుతోనే మొదలుపెట్టెదము.

అడవినాభి యాకునకు తొడిమ లేదు. కాడను నేరుగా అంటిపెట్టుకొని యుండును. ఆకు జానెడు పొడవునకు లోపుగా, మొదట వెడల్పుగా, పోనుపోను సన్నగిలి యుండును. ఈనెలు వలవలె అల్లుకొనక, వెదురాకునందువలె మొదటినుండి కొన వఱకు ప్రక్కప్రక్కనే సాగును. ఆకులు కొన్నిచోట్ల ఒక్కొక్కటిగను, కొన్నిచోట్ల జంటలుగను, కొన్నిచోట్ల మూడేసిగను పుట్టును గాన, ఈ వరుసను గుర్తుగా పెట్టుకొనరాదు. అసలు గుర్తు ఆకుకొన. ఆ కొన సన్నని నులితీగెగా మాఱి, గడియారపు కమానువలె చుట్టుకొనియుండును. ఆ చుట్టతోనే ఈ మొక్క కొమ్మలను పట్టుకొని పైకెక్కును. దొండ, కాకర, బీర తీగెలకును నులితీగెలు కలవు గదా యందురేమో. అవి ఆకు ప్రక్కన, గణుపునొద్ద, వేఱుగా పుట్టును. ఆకును త్రుంచినను నులితీగె కాడనే యుండును. అడవినాభియందు ఆకును త్రుంచిన నులితీగెయు దానితోనే చేతికి వచ్చును. మన వాగుగట్ల మీద కూరతీగెలనుండి దీనిని వేఱుచేయుటకు ఈ యొక్క పరీక్ష మిక్కిలి యుపయోగపడును.

అయితే ఈ పరీక్షకును ఒక లోపము కలదు. తీగె మొలచిన క్రొత్తలో, నేలదగ్గఱ పుట్టు మొదటి ఆకులకు ఈ చుట్ట యుండకపోవచ్చును. పొదను అందుకొను నెత్తునకు పెరిగిన తరువాతి యాకులకే అది బాగుగ నేర్పడును. కాబట్టి అడుగునున్న రెండాకులను చూచి నిర్ణయింపక, తీగె కొన వఱకు కంటితో పోవలెను.

దానితో పెనవైచుకొని పెరుగు తీగెలను గూర్చియు రెండు మాటలు. తిప్పతీగె యాకు హృదయాకారముగా, పొడవైన తొడిమతో నుండును. ముదిరిన తీగెనుండి దారములవంటి వేళ్లు క్రిందికి వ్రేలాడును. దుష్టపుతీగెను గిల్లిన తెల్లనిపాలు కాఱును. అడవినాభికి పాలు లేవు. పిల్లిపీచరకు ఆకులు సూదులవలె నుండి, కాడకు ముండ్లుండును. ఇవన్నియు సులభముగా తెలియునవే. రైతులు ప్రాణముమీదికి తెచ్చుకొనునది పెండలపు జాతి యడవితీగెలతో కలిపి పొరబడినపుడు గనుక, దానిని గట్టిగా జ్ఞాపకముంచుకొనవలెను. పెండలపు జాతి తీగెలకు నులితీగెలే యుండవు. కాడయే త్రాడువలె మెలితిరిగి పొదను చుట్టుకొనును. వాని యాకులకు తొడిమ యుండును. ఈనెలు పొడవున సాగినను, నడుమ వలవలె చిన్న యీనెల యల్లిక కనబడును. ఆకుకొనతో పట్టుకొని యెక్కినది అడవినాభి, ఒడలితో చుట్టుకొని యెక్కినది పెండలపు జాతి.

పూవును గూర్చి యెంత చెప్పినను తక్కువయే. ఆకుల మొదలనుండి పొడవైన కాడపై ఒక్కొక్క మొగ్గ వెడలి, పచ్చగా, తలవంచి యుండును. విచ్చుకొనునపుడు ఆఱు ఱేకులును వెనుకకు మడిగి, ఆకాశమువైపు లేచును. ఱేకుల అంచులు అలలవలె ముడుతలు పడియుండును. తొలినాడు ఱేకులు పచ్చదనము కలిసిన పసుపుగా నుండి, మఱునాడు కొనల కెంపెక్కి, కొన్ని దినములకు మొత్తము ముదురెఱుపు తేఱును. అందుచే ఒకే తీగెమీద పచ్చని, పసుపుపచ్చని, ఎఱ్ఱని పూవులు ఒకేమాఱు కనబడును. రెండు మూడు జాతులు కలిసియున్నవని భ్రమపడవలదు. ఱేకులు పైకి లేచియుండగా, ఆఱు కేసరములు బండిచక్రపు ఆకులవలె చుట్టును చాచుకొని యుండును. మధ్యనుండు పచ్చని పిందెనుండి వెడలు కీలము మాత్రము తిన్నగా క్రిందికి పోక, మూలమట్టమువలె ప్రక్కకు తిరిగి యుండును. ఇట్లు ప్రక్కకు తిరిగిన కీలము ఇతర పుష్పములయందు అరుదు. పుప్పొడి దానిపై తనంతట పడుట కష్టము. సీతాకోకచిలుకలో పక్షులో తేనెకై వచ్చి తాకినగాని కాయ పట్టదు.

కాయ రెండు మూడంగుళముల పొడవున మూడు గదులుగా నుండి, పండినపుడు చీలి, గుండ్రని ఎఱ్ఱగింజలను బయటపెట్టును. ఈ గింజలు గురువిందలవలె కంటికింపుగా నుండుటచే పిల్లలు ఏఱుకొందురు. గురువిందగింజయు విషమే, ఇదియు విషమే. వాగువైపు పశువులను తోలుకొనిపోవు పిల్లలకు ఈ మాట తప్పక చెప్పవలెను.

ఇక గడ్డ. ఇచ్చట మేము మా తప్పొకటి చెప్పుకొనవలసి యున్నది. పదునైదేండ్ల క్రిందట, మేము ఈ యుద్యోగమున కుదిరిన క్రొత్తలో, ఒక వైశాఖమున వాగుగట్టును సరిచేయుచు త్రవ్విన రైతొకడు నాలుగు గడ్డలను తెచ్చి చూపెను. తీగె లేదు, ఆకు లేదు, ఎండిన కాడ సైతము లేదు. పైతోలు సన్నగా, లోపల తెల్లగా, గుజ్జుగా నుండెను. అడిగినవానికి తెలియదని చెప్పుటకు మాకు సిగ్గు వేసినది. "అడవి పెండలపు జాతి, ఉడికించి తినవచ్చును" అని చెప్పి పంపితిమి. సాయంకాలము బసకు చేరి భోజనమునకు కూర్చుండగా, ఆ గడ్డల యాకారము మాటిమాటికి కంటికి కట్టినట్లు తోచసాగెను. నాలుగింటిలో మూడు, నడుమ వంగి రెండు కొమ్ములుగా చీలియుండెను. ఒక కొమ్ము పొడవు, ఒక కొమ్ము పొట్టి. నాగలి! లాంగలి! అన్నము విడిచి, చేతిదీపము పట్టుకొని, రెండుమైళ్లు ఆ యూరికి నడచితిమి. దారిలో మా మనస్సెట్లుండెనో వ్రాయలేము.

ఇంటి యరుగుమీద ఆ రైతు తల్లి కూర్చుండియుండెను. మేము గడ్డల మాట ఎత్తకమునుపే ఆమె నవ్వి యిట్లనెను: "గడ్డల కోసమేనా నాయనా? మీరు చెప్పారని కోడలు పొయ్యిమీద పెట్టబోయింది. నేనే తీసి బయట పారేశాను. కొంకిలా వంగిన గడ్డ నాభిగడ్డ కాక ఇంకేమవుతుంది? మా అత్త దీన్ని ముట్టుకున్న చేత్తో పిల్లల్ని ఎత్తుకోనిచ్చేది కాదు." మేము నిలుచుండిన చోటనే కూలబడితిమి. ఆమె మాకు మజ్జిగ ఇచ్చినది. మాకు పరీక్షలలో మార్కులు తెచ్చిన వృక్షశాస్త్రము ఆనాడు ఆ యింటివారిని కాపాడలేదు. అక్షరము రాని ముసలమ్మ కాపాడెను.

నాటినుండి మేము రెండు నియమములను పెట్టుకొంటిమి. తీగెను చూడక గడ్డను మాత్రము చూచి తినవచ్చునని ఎవరికిని చెప్పము. తెలియనిదానిని తెలియదని చెప్పుదుము. చదువరులును మొదటి నియమమును తమ యింట పెట్టుకొనవలెనని మా ప్రార్థన. ఏలయన, ముదిరిన గడ్డకు ఆ నాగలి వంపు స్పష్టముగా నుండును గాని, లేతగడ్డ తిన్నగా, వ్రేలివలె నుండవచ్చును. త్రవ్వునపుడు విరిగిన ముక్కకు ఏ యాకారమును ఉండదు. వంపు కనబడిన విషమని నిశ్చయింపవచ్చును. వంపు కనబడలేదని విషము కాదని నిశ్చయింపరాదు. చిలగడదుంపలని, పెండలములని భ్రమించి ఈ గడ్డలను వండుకొని తినినవారు సింహళమునందును, దక్షిణదేశమునందును అనేకమాఱులు ఆపదపాలైరి.

ఈ తీగెయందలి విషమునకు కాల్చిసిను అని పేరు. ఐరోపాఖండమున పెరుగు కాల్చికము అను వేఱొక మొక్కనుండి 1820వ సంవత్సరమున పెల్లెటియే, కావెంటూ అను ఫ్రెంచి రసాయనజ్ఞులు దీనిని మొదట వేఱుచేసిరి. మన యడవినాభియు ఆ కుటుంబమునకు చెందినదే. మునుపు దీనిని లిల్లీకుటుంబమున చేర్చెడివారు. గడ్డ, గింజ, ఆకు, పూవు అన్నిటను ఈ విషమున్నది. గడ్డయందును గింజలయందును ఎక్కువ. ఉడికించినంతమాత్రమున ఇది పోదు. జీవుల శరీరమునందలి అణుకణములు ఒకటి రెండగుచు పెరుగుచుండును గదా. ఆ విభజనను ఇది యాపివేయును. అందుచే ఎడతెగక క్రొత్తకణములు పుట్టవలసిన చోట్ల, అనగా ప్రేవులయందును, నెత్తురు తయారగు ఎముకలమూలుగయందును దీని దెబ్బ మొదట తగులును.

తినినవెంటనే ఏమియు తెలియదు. కొన్ని గంటలకు, ఒక్కొక్కప్పుడు అర్ధదినము గడచిన పిమ్మట, గొంతు మంట, వాంతులు, కడుపునొప్పి, నీళ్లవిరేచనములు పట్టును. కలరాయని, తిండి చెడినదని యనుకొందురు. పిదప ఒకటి రెండు దినములు కొంత తేఱుకొన్నట్లు కనబడవచ్చును. ఇదియే మోసము. ఆ తరువాతనే మూత్రపిండములు, గుండె, ఊపిరి చెడుటయు, నెత్తురు పలుచబడుటయు జరుగును. బ్రదికినవారికి కొన్ని దినములకు తలవెండ్రుకలు రాలిపోవుట కద్దు. దీనికి సామాన్యముగ దొరకు విరుగుడు మందు లేదు. ఆసుపత్రిలో వేళకు చేరి, శరీరము తట్టుకొనునంతవఱకు వైద్యుల పోషణలో నుండుటయే మార్గము.

కావున ఎవరైనను ఈ గడ్డనో గింజనో తినిరని తెలిసినచో, బాగుగనే యున్నారుగదా యని వేచియుండరాదు. 108కి ఫోను చేసియో, దొరకిన బండిలోనో పెద్దయాసుపత్రికి చేర్పవలెను. పేడనీళ్లు, ఉప్పునీళ్లు త్రాగించి వాంతి చేయించు నాటువైద్యము వలదు. దానివలన క్రొత్త యాపద కలుగును. మిగిలిన గడ్డముక్కను, దొరకినచో తీగెతో సహా, సంచిలో వేసికొని వైద్యునికి చూపవలెను. ఏమి తినిరో తెలియక వైద్యుడు వెదకుకొను సమయము దీనివలన మిగులును. ఆయుర్వేదమునందు లాంగలిని ఉపవిషములలో చేర్చి, శోధించినగాని వాడరాదని విధించిరి. పల్లెలలో కాన్పు త్వరగా నగుటకు ఈ గడ్డను నూఱి పూయుటయు, గర్భము పోగొట్టుటకు తినిపించుటయు ఉన్నట్లు వినుచున్నాము. ఇట్టి పనులవలన స్త్రీలు చనిపోవుదురు. ఇంతకన్న మృదువుగా చెప్పుటకు మాకు మాటలు లేవు.

పశువుల మాట. మేయుచున్న పశువు దీనిని సామాన్యముగ ముట్టదు. కాని గట్టుగడ్డిని కొడవలితో కోసి మోపుగా కట్టి తెచ్చి వేసినపుడు, దానిలో చిక్కిన తీగెను ఏఱి వదలుట పశువునకు సాధ్యము గాదు. అందుచే ఈ కాలమున వాగుగట్టుగడ్డిని కోయువారు పొదల మొదళ్లను విడిచి కోయుట మేలు. ఇక్కడ మఱియొక సంగతి. నల్లని యొడలిపై తెల్లని, ఎఱ్ఱని చుక్కలు గల గొంగళిపురుగులు కొన్ని ఈ యాకులను ఈనెలు మాత్రము మిగులునట్లు తినివేయుట కనబడును. "పురుగు తిని బ్రదికినది, మన మేకకేమి?" అని యొకరు మమ్మడిగిరి. ఆ పురుగు ఈ జాతి మొక్కలమీదనే బ్రదుకునది. దానికి పడినది మేకకు పడదు.

అట్లయిన ఈ తీగెను వెదకి వెదకి పెఱికివేయవలెనా యందురేమో. మా యభిప్రాయము అది కాదు. మనుష్యులు నడువని వాగుగట్టున, పొదలలో, ఇది యుండుటవలన ఎవరికిని నష్టము లేదు. కాల్చిసినును వైద్యులు కీళ్లవాతమున, ముఖ్యముగ బొటనవ్రేలు వాచి బాధపెట్టు రకమున, మిక్కిలి కొద్ది మోతాదులలో వాడుచున్నారు. మన వృత్తికి సంబంధించిన విశేషమొకటియు కలదు. 1937వ సంవత్సరమున అమెరికాలో బ్లేక్స్‌లీ, ఏవరీ అను శాస్త్రజ్ఞులు, ఈ మందును మొలకలకు తగిలించినచో కణములందలి వంశసూత్రముల సంఖ్య రెట్టింపగునని ప్రకటించిరి. సంతలో మనము కొను విత్తులు లేని పుచ్చకాయ ఈ మార్గముననే పుట్టినది. సూత్రములు రెట్టింపైన పుచ్చను మామూలు పుచ్చతో సంకరము చేయగా వచ్చిన విత్తును నాటిన, ఆ తీగె కాయ కాచును గాని విత్తులు పట్టవు. కణవిభజనను ఆపు గుణమే మోతాదును బట్టి చంపుచున్నది, క్రొత్తపంటను ఇచ్చుచున్నది.

ఇంక కొనువారి మాట. తమిళనాడునందు దిండిగల్లు, కరూరు, తిరుప్పూరు జిల్లాల రైతులు దీనిని పొలములలో పంటగా పెంచి, గింజలను మందుల పరిశ్రమకు అమ్ముచున్నారు. గడ్డను నాటి, ప్రాకుటకు ఆధారము కట్టి, పూచిన కాలమున ప్రతి యుదయమును కూలీలచేత పూవుపూవునకు చేతితో పుప్పొడి తాకించి కాయ పట్టించెదరు. కీలము ప్రక్కకు తిరిగియున్నదని పైన చెప్పితిమి గదా, ఆ వంకరకు చెల్లించు కూలి యది. గడ్డకు మొలకకన్ను కొమ్ముకొనయందు మాత్రమే యుండును గనుక, కొన విరిగిన గడ్డ మొలవదు. గింజ వేసి పెంచిన మొక్క పూతకు వచ్చుటకు మూడు నాలుగేండ్లు పట్టవచ్చును. కొనువారు కొద్దిమంది, వారు ఈ యేడు కొని మఱుసటియేడు కొననిచో ఈ గింజను తిని బ్రదుకలేము, పశువులకును వేయలేము. వడ్లు అమ్ముడుపోకున్నను ఇంట నుండును. ఇది ఇంట నుండరాని సరుకు. కావున సభ్యులలో ఎవరికైనను కోరిక యున్నచో, ఒంటరిగా మధ్యవర్తిమాటలు నమ్మి గడ్డలు కొనక, సంఘమున చర్చించి, కొనువాని వ్రాతమూలకమైన ఒడంబడిక చేతికి వచ్చిన పిమ్మటనే అడుగు వేయవలెను. రిజర్వు అడవులలో చొరబడి గడ్డలను త్రవ్వి తెచ్చుట నేరము. పైగా త్రవ్వినవాని చేతులకు దురద, మంట కలుగవచ్చును. ఏ కారణముచేత ముట్టినను సబ్బుతో కడుగుకొనక అన్నము ముట్టరాదు.

మొదట ప్రశ్నలడిగిన సభ్యునితో కూడ మేము ఆ సాయంకాలమే వాగుగట్టునకు పోయితిమి. తొమ్మిదిచోట్ల ఈ తీగె పూచియుండెను. వానిలో రెండు, ఆయన వచ్చు వేసవిలో మట్టి త్రవ్వ నుద్దేశించిన గట్టుననే యుండెను. తీగె యెండిపోయిన తరువాత అచ్చట గడ్డ యున్నదని ఎవరికి తెలియును? కూలికి వచ్చినవారు త్రవ్వి, దుంపలు దొరకినవని ఇంటికి కొనిపోవుదురు. అందుచే పూవున్న ఈ దినములలోనే ఆ రెండుచోట్ల వేపకఱ్ఱలను పాతి, కొనలకు సున్నము పూసి వచ్చితిమి. త్రవ్వకము ఆరంభించునాడు తానే దగ్గఱనుండి ఆ గడ్డలను తీయించి, లోతుగా పూడ్పించెదనని ఆయన చెప్పెను. వాగు ప్రక్కన పొలములున్న తక్కిన సభ్యులును దసరాలోపుగా తమ గట్లను ఒకమాఱు నడచి చూచి, పూవు కనబడిన చోట గుర్తు పాతవలెను. పూవు గుర్తుపట్టుటలో సందేహమున్నవారు తీగెకొనను ఆకులతోను పూవుతోను సహా కాగితములో చుట్టి, మంగళవారము నాడు సంఘము కార్యస్థానమున ఇచ్చినచో మేము చూచి చెప్పుదుము. గడ్డను మాత్రము తేవలదు.